ఎలక్ట్రాన్, దానికన్నా బరువైన తోబుట్టువు లాంటి మ్యూయాన్ ఒకేలా ప్రవర్తించవని 2021లో అన్నారు కదా, ఆ సంగతి ఏమైంది?

ఆ తేడా నిలవలేదు. పరిశోధక విద్యార్థిగా మరొక ప్రయోగంలో ఎలక్ట్రాన్లను గుర్తించే పని చేసినవాణ్ణి కనుక, అది నిలవదని నాకు మొదటినుంచీ అనుమానంగానే ఉండేది.

బీ మెసాన్ అనే అల్పాయుష్షు కణం క్షయమై, అంటే విడిపోయి, కేయాన్ అనే తేలికైన కణంతో పాటు మ్యూయాన్ జంటను ఇచ్చే అవకాశానికి, ఎలక్ట్రాన్ జంటను ఇచ్చే అవకాశానికి మధ్య నిష్పత్తి, కణాల ప్రామాణిక సిద్ధాంతం ప్రకారం, దాదాపు 1 ఉండాలి. 2021 మార్చిలో ఐరోపా కణ భౌతిక ప్రయోగశాల సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగ బృందం దాన్ని 0.846గా, 3.1 సిగ్మాల తేడాతో, అంటే కేవలం యాదృచ్ఛికంగా రావడం అరుదైన తేడాతో, ప్రకటించింది. కొత్త బలం దొరికిందంటూ వార్తలు హోరెత్తాయి. అందరూ మ్యూయాన్లు ఎందుకు తగ్గాయని అడిగారే తప్ప, ఎలక్ట్రాన్ల లెక్క ఎక్కువైందేమోనని అడిగినవారు అరుదు.

ఒక సాయంత్రం మా గైడుగారు మా ప్రయోగంలో నమోదైన ఒకే ఒక్క ఘటనను తెరమీద పెట్టి మమ్మల్ని కూర్చోబెట్టారు. కణాల శక్తిని కొలిచే కెలోరీమీటరులో చేరిన శక్తి, వాటి దారిని గీసే ట్రాకరు చూపిన ద్రవ్యవేగం చక్కగా సరిపోయాయి. మా షరతులన్నీ నెగ్గిన ఎలక్ట్రాన్ అది. అయితే కణం వేగాన్ని బట్టి పరిమాణం మారే కాంతి వలయం, అంటే చెరెంకోవ్ వలయం, మాత్రం ఉండవలసినదానికన్నా రవ్వంత చిన్నగా ఉంది. నిజానికి అది ఎలక్ట్రాన్ కన్నా బరువైన, విద్యుదావేశమున్న పయాన్ అనే కణం. కెలోరీమీటరులోకి వెళ్లాక తటస్థ పయాన్‌గా మారి, ఫోటాన్లుగా విడిపోయి, తన శక్తినంతా అచ్చం ఎలక్ట్రాన్ లాగే అక్కడ వదిలింది.

పైగా ఎలక్ట్రాన్ మ్యూయాన్ కన్నా దాదాపు 207 రెట్లు తేలిక కావడంతో, దారిలో తగిలిన పదార్థంలోనే ఫోటాన్లను విడిచి శక్తిని పోగొట్టుకుంటుంది. దానివల్ల గ్రాఫులో బీ మెసాన్ ద్రవ్యరాశి దగ్గర కనబడవలసిన శిఖరం పరుచుకుపోయి, ఇలాంటి నకిలీలు అందులో కలిసిపోతాయి. 2022 డిసెంబరులో అదే బృందం ఎలక్ట్రాన్ల గుర్తింపును కట్టుదిట్టం చేసి, మిగిలిన నకిలీలను డేటా నుంచే అంచనా వేసి తీసివేయగా, నిష్పత్తి 0.949కి చేరి సిద్ధాంతంతో సరిపోయింది. తమ ఫలితాన్ని తామే సరిదిద్దుకున్న ఆ నిజాయతీకి మన పత్రికలు నాలుగు వాక్యాలైనా కేటాయించకపోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఎలక్ట్రాన్, మ్యూయాన్ల కుటుంబంలో (ఈ కుటుంబం కణాలనే లెప్టాన్లంటారు) అన్నిటికన్నా బరువైన టావ్ సంగతి మాత్రం తేలలేదు. బీ మెసాన్ టావ్‌ను ఇచ్చే క్షయాలు సిద్ధాంతం లెక్కకన్నా ఎక్కువగా ఉన్నాయని 2012లో అమెరికాలోని బాబార్ ప్రయోగం చూపింది. టావ్ తేలికపాటి లెప్టాన్‌గా మారే సందర్భాల్లో ఒక్కో క్షయంలో పరికరాలకు చిక్కని మూడు న్యూట్రినో కణాలు కనబడకుండా పోతాయి కనుక, అక్కడ కూడా భారీ డీ మెసాన్లనే ఇతర కణాల నుంచి వచ్చే నకిలీ ఘటనలను తక్కువగా లెక్కవేశారనే నా గట్టి నమ్మకం. జపాన్‌లోని సుకుబాలో బెల్ 2 ప్రయోగం, హైదరాబాద్ ఐఐటీ వారు కూడా పాల్గొంటున్న ఆ ప్రయోగం, దీన్నే కొలుస్తోంది.