ఊరంతా ఒకే మనిషి కాదు

ప్రశ్న: మిర్యాలగూడ రైస్‌మిల్లులో పనికొచ్చిన బీహార్ హమాలీ మీద కథ రాశాను. ఊరు అతన్ని దూరం పెడుతుంది. ఊరి మనుషులంతా ఒకే మూసలో ఉన్నారని చదివినవాళ్లు అంటున్నారు. ఎట్లా సరిచేయాలి? – ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: ‘ఊరు దూరం పెట్టింది’ అన్న వాక్యం ఎక్కడున్నా కొట్టేయండి. ఊరు చేయదు, మనుషులు చేస్తారు. ముగ్గురిని తీసుకోండి: కూలి తగ్గుతుందని భయపడే పాత హమాలీ, గది అద్దెకిచ్చి నీళ్ల దగ్గర పేచీ పెట్టే ఇంటామె, అతను లేకపోతే లారీ నిండదని తెలిసిన మేస్త్రీ. ముగ్గురి అవసరాలూ వేరు కాబట్టి ముగ్గురి మాటా వేరుగా వస్తుంది.

కథను యాసంగి వడ్లు మిల్లుకొచ్చే ఏప్రిల్, మే నెలల్లో పెట్టండి. పని ఒత్తిడిలోనే మనుషులు బయటపడతారు.

పేరు ముఖ్యం. మొదట్లో అందరూ ‘బీహారోడు’ అననివ్వండి. అసలు పేరుతో ఎవరు, ఏ సందర్భంలో మొదటిసారి పిలుస్తారో ముందే నిర్ణయించుకోండి. కథకు అదే మలుపు కావచ్చు. అతని నోట వచ్చీరాని తెలుగు పెట్టి నవ్వించొద్దు, దాంతో మనిషి బొమ్మయిపోతాడు. నల్లగొండ వైపు ఉర్దూ కలిసిన హిందీ చాలామందికి వచ్చు, సంభాషణ అందులో నడపండి.

ఇంకొకటి. సాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్లొచ్చాక ఆయకట్టులో భూములు కొని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలున్నాయి. ఇంటామె అట్లా వచ్చిన ఇంటి బిడ్డే అయితే? పాత హమాలీ తండ్రి పాలమూరు నుంచి బొంబాయికి వలసపోయినవాడైతే? ఈ సంగతి చివర్లో కాదు, రెండో పేజీలోనే మామూలు మాటగా దొర్లించండి.