వైట్ స్పాట్ రాదన్న హామీకి పరీక్ష ఎక్కడ జరిగింది?

ప్రశ్న: పశ్చిమ గోదావరి జిల్లాలో మూడెకరాల చెరువు లీజుకు తీసుకుని వనామి రొయ్యలు పెంచుతున్నాను. నేనూ, నా భార్యా, ఒక కూలీ తప్ప వేరే పనివాళ్లు లేరు. సీడు (రొయ్య పిల్లలు) వేసిన వారానికి మందుల షాపు డీలరు, కంపెనీ టెక్నీషియన్ గట్టు మీదికి వచ్చి, తమ మందు మేతలో కలిపి పెడితే వైట్ స్పాట్ వైరస్ తెగులు నూరు శాతం రాదన్నారు. వాళ్లిచ్చిన కరపత్రంలోనూ అదే మాట తెలుగులో పెద్ద అక్షరాల్లో ఉంది. వాట్సాప్‌లో వీడియోలు కూడా పంపారు. 96 వేల రూపాయల మందు కొని 40 వేలు ఇచ్చాను, మిగతాది అరువు. 52వ రోజున రొయ్యలు గట్టు పక్కకు చేరి చావడం మొదలుపెట్టాయి. వైరస్‌ను గుర్తించే పీసీఆర్ పరీక్షలో వైట్ స్పాట్ అని తేలింది. కంపెనీని అడిగితే నిర్వహణ లోపం నాదేనంటోంది. డీలరు దగ్గర నేను సంతకం చేసిన ఖాళీ చెక్కు ఉంది. బాకీ తీర్చకపోతే బ్యాంకులో వేస్తానంటున్నాడు. ఆ మందు పనిచేయదని నేను రుజువు చేయగలనా? కేసు ఎక్కడ వేయాలి?

జవాబు: ఆ మందు పనిచేయదని రుజువు చేసే భారం మొదట మీ మీద ఉందనుకుంటున్నారు. చాలామంది రైతులు ఇదే అనుకుని, ప్రయోగశాలల చుట్టూ తిరిగే స్తోమత లేక ఊరుకుంటున్నారు. చట్టం చెప్పేది వేరు. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) ప్రకారం, ఒక వస్తువు పనితీరు గురించి గానీ సామర్థ్యం గురించి గానీ తగిన పరీక్ష ఆధారం లేకుండా ప్రజలకు హామీ ఇవ్వడమే అనుచిత వ్యాపార పద్ధతి. హామీ అబద్ధమని తేలే వరకు ఆగాల్సిన అవసరం లేదు, పరీక్ష లేకుండా హామీ ఇవ్వడమే తప్పు. ‘మేము పరీక్ష చేశాకే చెప్పాం’ అని కంపెనీ వాదిస్తే, ఆ పరీక్ష జరిగిందనీ, అది తగినదేననీ రుజువు చేసే బాధ్యత కంపెనీదేనని అదే నిబంధన స్పష్టంగా చెబుతోంది. మీరు చూపాల్సిందల్లా వాళ్లు ఆ హామీ ఇచ్చారనీ, దాన్ని నమ్మి మీరు కొన్నారనీ మాత్రమే.

కంపెనీలు సాధారణంగా పరీక్ష పేరుతో ఏం చూపిస్తాయో తెలిస్తే మీ న్యాయవాదికి పని సులువవుతుంది. సీసాలో ఫలానా బ్యాక్టీరియా, ఫలానా ఖనిజాలు ఇంత మోతాదులో ఉన్నాయని ఒక ల్యాబు రిపోర్టు తెస్తారు. అది సీసాలో ఏముందో చెబుతుందే తప్ప, ఆ పదార్థం వైరస్‌ను ఆపుతుందని చెప్పదు. తర్వాత మంచి పంట తీసిన రైతుల ఫొటోలు, వీడియోలు తెస్తారు. ఆ చెరువులోకి అసలు వైరస్ వచ్చిందో లేదో తెలియనప్పుడు, మందు దాన్ని ఆపిందని ఎలా అనగలం? వైట్ స్పాట్ రాదని హామీ ఇచ్చేవారు మందు పెట్టిన రొయ్యలనూ, పెట్టని రొయ్యలనూ ఒకే పరిస్థితుల్లో ఉంచి, రెండింటికీ వైరస్ సోకించి, ఎన్ని బతికాయో లెక్క చూపాలి. ఆ లెక్క ఎవరు తీశారు, ఎక్కడ తీశారు, ఎన్ని ట్యాంకుల్లో తీశారు అన్న ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఉండాలి. మన దేశంలో 1994 ప్రాంతంలో టైగర్ రొయ్యల చెరువులను ఊడ్చేసిన నాటి నుంచి ఈ వైరస్‌కు చికిత్సగా నిరూపితమైన మందు లేదనీ, రొయ్యకు మనిషిలా యాంటీబాడీలు తయారుచేసుకునే వ్యవస్థ ఉండదనీ ఈ రంగంలో అందరికీ తెలిసిందే. అలాంటప్పుడు ‘నూరు శాతం’ అనే మాట రాసినవారి మీద రుజువు భారం మరింత బరువుగా పడుతుంది.

మీరు పంపిన కరపత్రం ఫొటోలో నన్ను ఆపిన విషయం ఒకటుంది. పైన తెలుగులో వేలెడంత అక్షరాలతో ‘వైట్ స్పాట్‌కు నూరు శాతం రక్షణ’ అని ఉంది. అడుగున, మడత పడే చోట, ఫలితాలు చెరువు పరిస్థితులను బట్టి మారవచ్చని ఇంగ్లీషులో ఒక వరుస ఉంది. ఫొటోను పెద్దది చేసుకుంటే తప్ప అది నాకు కనబడలేదు. రేపు కంపెనీ ఆ వరుసనే తమకు అడ్డుగా చూపుతుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణకు 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, ప్రకటన ఏ భాషలో హామీ ఇచ్చిందో షరతు కూడా ఆ భాషలోనే ఉండాలి, స్పష్టంగా కనబడాలి. అంతేకాదు, ప్రధాన హామీని కాదనేలా షరతు పెట్టి తప్పించుకోవడానికి వీల్లేదు. కరపత్రం ప్రకటన కాదనే వాదనా నిలవదు. లేబులు, పై చుట్టు, బిల్లు సైతం ఈ చట్టం దృష్టిలో ప్రకటనలే.

మీరు ‘వినియోగదారు’ కారనీ, వ్యాపారం కోసం కొన్నారనీ కంపెనీ మొదటి రోజే అభ్యంతరం చెబుతుంది. రొయ్యల కేసుల్లో అసలు పోరాటం చాలాసార్లు ఇక్కడే జరుగుతుంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్న వస్తువును వాణిజ్య ప్రయోజనం కింద లెక్కించకూడదని చట్టంలోనే వివరణ ఉంది. ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన స్వయం ఉపాధి కాకుండా పోదని లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మన ఆంధ్రప్రదేశ్ రైతులు పోరాడిన నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో, విత్తనాలు కొన్న రైతులు వినియోగదారులేనని తేల్చింది. అందువల్ల భార్యాభర్తలిద్దరూ గట్టు మీదే ఉండి ఒక కూలీతో నడుపుకుంటున్నామని ఫిర్యాదులో మొదటి పేరాలోనే రాయించండి. లీజు అగ్రిమెంటు, రేషన్ కార్డు, వేరే ఆదాయం లేదని చూపే కాగితాలు జత చేయండి. యాభై ఎకరాలు జీతగాళ్లతో నడిపే వారికి ఈ దారి కష్టం. వారు వస్తు విక్రయ చట్టం, 1930 కింద సివిల్ కోర్టుకు వెళ్లడం మేలు. సగానికి పైగా బాకీ ఉన్నా మీ హక్కుకు లోటు లేదు, ఎందుకంటే ధర కొంత చెల్లించి కొంత చెల్లిస్తామని ఒప్పుకున్నవారూ వినియోగదారులే. చెరువు రిజిస్ట్రేషన్, లైసెన్సు కాగితాలు మాత్రం ముందే సరిచూసుకోండి. అవి లేకపోతే ఎదుటి పక్షం ఆ మాటే పట్టుకుంటుంది.

ఇప్పుడు మీకు ఇష్టం లేని మాట ఒకటి చెప్పాలి. మీ నష్టం రెండు రకాలు, రెండింటికీ రుజువు ఒకటి కాదు. మందు ధర 96 వేల విషయంలో మీ కేసు బలంగా ఉంది. హామీకి తగిన పరీక్ష లేదని తేలితే, ఇచ్చిన 40 వేలు వడ్డీతో వెనక్కివ్వమనీ, మిగతా బాకీ రద్దు చేయమనీ, ఆ ప్రకటన ఆపమనీ, సరిదిద్దే ప్రకటన ఇవ్వమనీ వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 39 కింద కోరవచ్చు. పోయిన పంట సంగతి వేరు. ఆ మందు లేకపోయినా వైరస్ వచ్చేదే కదా అని కంపెనీ అడుగుతుంది. పక్క చెరువు వదిలిన నీటి నుంచి, పీతల నుంచి, పక్షుల నుంచి, చివరికి సీడు నుంచి కూడా అది రాగలదు కాబట్టి ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం. దానికి మీ జవాబు ఇలా ఉండాలి: ఈ హామీని నమ్మి ఏ జాగ్రత్త మానుకున్నారు? పీతలు రాకుండా క్రాబ్ ఫెన్సింగ్, పక్షులు వాలకుండా బర్డ్ నెట్ వేయడం వాయిదా వేశారా? చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెంలో) మేత మిగిలిపోయిన రోజున పట్టుబడి చేద్దామనుకుంటే (రొయ్యలు పట్టి అమ్మేద్దామనుకుంటే), టెక్నీషియన్ ‘మందు పనిచేస్తుంది, నాలుగు రోజులు ఆగండి’ అన్నాడా? అన్నట్టయితే, ఆ నాలుగు రోజుల్లో పోయిన సరుకుకీ ఆ మాటకీ ఉన్న సంబంధాన్ని చూపవచ్చు. ఈ విషయం మీ ఉత్తరంలో లేదు. పంట నష్టం మీద మీకు ఎంత దక్కుతుందన్నది చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంది. చట్టంలో ఉత్పత్తి బాధ్యత పేరుతో ఒక ప్రత్యేక అధ్యాయం ఉంది గానీ, అందులో ‘హాని’ అనే మాటకిచ్చిన నిర్వచనం ఆర్థిక నష్టాన్ని మినహాయించింది కాబట్టి, దాని మీదే కేసంతా నిలబెట్టవద్దని మీ న్యాయవాదికి చెప్పండి.

సాక్ష్యం విషయంలో ఆలస్యం చేయవద్దు. ఖాళీ సీసాలు, మూతలు, అట్టపెట్టెలు దేన్నీ పారేయవద్దు. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కనబడేలా ఫొటోలు తీయండి. సీలు తీయని సీసా ఒకటి మిగిలి ఉంటే అది బంగారంతో సమానం, దాన్ని నీడలో భద్రపరచండి, పరీక్షకు పంపమని వినియోగదారుల కమిషన్‌నే కోరవచ్చు. అది లేకపోయినా దిగులు వద్దు. చల్లేసిన విత్తనంలో నమూనా దాచి ఉంచాలని రైతును అడగలేమని సుప్రీంకోర్టు విత్తనాల కేసుల్లో అన్నది, మేతలో కలిపేసిన మందుకూ అదే తర్కం వర్తిస్తుందని వాదించవచ్చు. సీసాలోని మందు పరీక్షలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషేధిత యాంటీబయాటిక్స్ బయటపడితే వ్యవహారం మీ ఒక్కరి నష్టంతో ఆగదు, వెంటనే మత్స్యశాఖకు రాతపూర్వకంగా తెలియజేయండి. వాట్సాప్ సందేశాలు వచ్చిన ఫోను మార్చవద్దు. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకుండా, భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం తయారు చేయించండి. రోజువారీ మేత పుస్తకం, సీడు బిల్లు, పీసీఆర్ రిపోర్టు, సరుకు కొన్న వ్యాపారి ఇచ్చిన, కిలోకు ఎన్ని రొయ్యలో చూపే కౌంటు చీటీ కూడా దాచండి.

చెక్కు విషయం తేలికగా తీసుకోకండి. సంతకం చేసి ఇష్టపూర్వకంగా ఇచ్చిన ఖాళీ చెక్కునైనా బాకీ కోసం ఇచ్చినదిగానే మొదట భావించాలని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. బ్యాంకుకు వెళ్లి చెల్లింపు ఆపించినంత మాత్రాన మీరు గట్టెక్కరు. కాబట్టి డీలరు చెక్కు వేయకముందే, సరుకు విషయంలో వివాదం ఉందనీ, ఆ బాకీని మీరు ఒప్పుకోవడం లేదనీ, చెక్కు వెనక్కివ్వాలనీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చెక్కు తిరిగొచ్చి ఆయన నోటీసు పంపితే, అది మీకు అందిన 15 రోజుల్లోపు తప్పకుండా జవాబివ్వండి. మౌనంగా ఉన్నవారి మాట తర్వాత కోర్టులో నమ్మించడం చాలా కష్టం.

ఫిర్యాదును మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. వస్తువుకు చెల్లించిన ధర 50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తుంది. 5 లక్షల లోపు ధరకు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారానూ దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు. తయారీ కంపెనీతో పాటు డీలరునూ చేర్చండి. కంపెనీ కరపత్రంలో లేని హామీ ఏదైనా ఆయన సొంతంగా నోటితో ఇచ్చి ఉంటే దాన్ని విడిగా రాయండి. చీటింగ్ కేసు పెట్టమని మీకు చాలామంది చెబుతారు. అమ్మే నాటికే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపే ఆధారం దొరికితే తప్ప దానివల్ల మీకు డబ్బు తిరిగి రాదు, కాలం మాత్రం పోతుంది.

ఇదే కరపత్రం మీ మండలంలో ఇంకా పంచుతుంటే, ఇంకో కాగితం కూడా పంపండి. తప్పుదోవ పట్టించే ప్రకటనపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు మీ జిల్లా కలెక్టరు ద్వారా కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఆ సంస్థ మీకు పరిహారం ఇప్పించదు గానీ, ప్రకటన ఆపించగలదు, తయారీదారుపై మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయగలదు. వచ్చే పంటకు సీడు దింపడానికి సిద్ధపడుతున్న మీ పక్క రైతుల చేతికి ఆ కరపత్రం చేరేలోపే ఆ ఫిర్యాదు వెళ్లాలి. కంపెనీకి పంపే నోటీసులో మాత్రం వాదనలన్నీ గుప్పించకండి. ‘మీ కరపత్రంలోని నూరు శాతం రక్షణకు ఆధారమైన పరీక్ష నివేదికను, అది జరిగిన చోటు, తేదీ, పద్ధతితో సహా 15 రోజుల్లో పంపండి’ అని అడిగితే చాలు. నివేదిక వచ్చినా, రాకపోయినా, వచ్చిన జవాబుతో కలిపి నాకు పంపితే ఫిర్యాదు ముసాయిదా చూసి పెడతాను.