ముగ్గురే వాయిస్తే ‘మెషీన్ గన్’ ఎందుకు బోసిపోతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. గిటార్, బేస్, డ్రమ్స్, అంతే మీ బ్యాండ్. జిమీ హెండ్రిక్స్ ‘బ్యాండ్ ఆఫ్ జిప్సీస్’ లైవ్ ఆల్బమ్‌లోని ‘మెషీన్ గన్’ వాయిస్తున్నారు. ఫజ్ (ధ్వనిని గరుకుగా చేసేది), ఆక్టేవియా (పై స్థాయి స్వరం కలిపేది), యూనివైబ్ (ధ్వనిని అలలా ఊపేది) రకం పెడల్స్ కొన్నారు. అయినా సోలో మొదలవగానే కింద అంతా ఖాళీ అయిపోతోంది, ఫజ్ కందిరీగల రొదలా ఉంది. రెండో గిటార్ పెట్టుకోవాలా అని అడిగారు.

వద్దు. ముందు మీ బేస్, డ్రమ్స్ ఏం చేస్తున్నాయో చూడండి.

ఆ ఆల్బమ్‌లో వాయించింది కూడా ముగ్గురే: హెండ్రిక్స్, బేస్ మీద బిల్లీ కాక్స్, డ్రమ్స్ మీద బడ్డీ మైల్స్. న్యూయార్క్‌లోని ఫిల్మోర్ ఈస్ట్ హాల్లో 1969 డిసెంబర్ 31న రెండు, 1970 జనవరి 1న రెండు ప్రదర్శనలు ఇచ్చారు. ఆల్బమ్‌లోని ఆరు పాటలూ జనవరి 1 నాటివే. హెండ్రిక్స్ పాత బ్యాండ్‌లో డ్రమ్మర్ మిచ్ మిచెల్ గిటార్ వెంట పరిగెత్తుతూ, ఖాళీ దొరికిన చోటల్లా రోల్స్ నింపుతాడు. బడ్డీ మైల్స్ అలా చేయడు, పట్టిన నడకను వదలడు. గిటార్ ఎక్కడెక్కడికో పోతున్నా కాక్స్ అదే బేస్ పదాన్ని (రిఫ్‌ను) తిప్పి తిప్పి వాయిస్తుంటాడు. ఒకే తీగ శ్రుతి మీద రాగం విస్తరించినట్టు, ఒకే కార్డ్ మీద పన్నెండు నిమిషాలు నడిచే సంగీతం ఇది. ఆల్బమ్ మీద జాజ్ ఫ్యూజన్ అనే ముద్ర లేకపోయినా పద్ధతి మాత్రం అదే. జాజ్ ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ ‘బిచెస్ బ్రూ’ కూడా ఈ ఆల్బమ్ లాగే 1970 మార్చిలో బయటికొచ్చింది. బడ్డీ మైల్స్ ఆ తర్వాత గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ ‘డివోషన్’ ఆల్బమ్‌లో వాయించాడు. ‘డివోషన్’నూ ఈ ఆల్బమ్‌నూ పక్కపక్కన పెట్టి వినండి, చుట్టరికం తెలుస్తుంది.

కాబట్టి సాధన గిటార్ లేకుండా మొదలుపెట్టండి. బేస్, డ్రమ్స్ ఇద్దరే ఒకే పదాన్ని పది నిమిషాలు వాయించి ఫోన్‌లో రికార్డ్ చేయండి. నాలుగో నిమిషానికి విసుగనిపిస్తే నడకలో బిగువు లేదన్నమాట. బేస్ వాయించేవారు సోలో కింద ఏడో ఫ్రెట్ దాటి పైకి వెళ్లకూడదు. వెళ్లిన ప్రతిసారీ అడుగు ఊడిపోతుంది. బేస్ యాంప్‌లో 700 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య కొంచెం పెంచి, లేశమాత్రం ఓవర్‌డ్రైవ్ ఇవ్వండి. రెండో గిటార్ ఉండాల్సిన చోటును నింపేది అదే. డ్రమ్మర్‌కు ఒక్క మాట: ప్రతి బార్ (తాళావర్తం) మొదట క్రాష్ సింబల్ కొట్టొద్దు. క్రాష్ మోత, ఫజ్ పైస్థాయి ఒకే చోట పడతాయి, గిటార్ మునిగిపోతుంది. తుపాకీ పేలినట్టుండే స్నేర్ దెబ్బలు పదం చివరికి దాచుకుంటేనే వాటికి బలం.

ఇక కందిరీగల రొద. శుభ్రంగా, క్లీన్‌గా ఉన్న యాంప్‌లోకి ఫజ్ పంపితే అలాగే వస్తుంది. గట్టిగా మీటితే యాంప్ తనంతట తానే కాస్త చిట్లే వరకు వాల్యూమ్ పెంచండి, మిడ్ 6 లేదా 7 దగ్గర ఉంచండి, ఫజ్ ఆ తర్వాతే వేయండి. ఫజ్ నాబ్ పూర్తిగా తిప్పేసి, పాట పాడేటప్పుడు గిటార్ వాల్యూమ్ 6కి తగ్గించి, సోలోకి 10 చేయాలి. ఈ కిటుకు పనిచేయాలంటే గిటార్‌కూ ఫజ్‌కూ మధ్య బఫర్ (సిగ్నల్‌కు బలమిచ్చే చిన్న సర్క్యూట్) ఉండకూడదు. చాలామంది ట్యూనర్ పెడల్‌ను మొదట్లో పెడతారు, అందులో బఫర్ ఉంటే గిటార్ వాల్యూమ్ తగ్గించినా ఫజ్ తేటపడదు.

వరుస ఇలా పెట్టి చూడండి: గిటార్, వా (పాదంతో ఆడించే వా-వా పెడల్), ఫజ్, ఆక్టేవియా, యూనివైబ్, యాంప్. అయితే జెర్మేనియం ట్రాన్సిస్టర్లున్న ఫజ్ ముందు వా పెడితే వా కదలిక చచ్చిపోయి ఈల వేస్తుంది, ఎందుకంటే ఫజ్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ చాలా తక్కువ. వా ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే పనిచేసే బఫర్‌ను దాని ఔట్‌పుట్ దగ్గర వేయించుకుంటే తీరుతుంది. పీఎన్‌పీ జెర్మేనియం ఫజ్‌లు చాలావరకు పాజిటివ్ గ్రౌండ్ (మిగతా పెడల్స్‌తో పోలిస్తే ప్లస్, మైనస్ తిరగబడి ఉంటాయి). మిగతా పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్ గొలుసుకు తగిలిస్తే షార్ట్ అవుతుంది. దానికి విడిగా 9 వోల్ట్ బ్యాటరీయే మేలు, వాయించడం అయ్యాక ఇన్‌పుట్ కేబుల్ లాగేయండి, లేకపోతే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ.

మన ఎండల సంగతి కూడా చెప్పాలి. వేడికి జెర్మేనియం ట్రాన్సిస్టర్‌లో లీకేజ్ పెరిగి బయాస్ (ట్రాన్సిస్టర్‌కు కుదిర్చిన వోల్టేజ్) తప్పిపోతుంది. ఏసీ గదిలో కమ్మగా పలికిన పెడల్, మే నెలలో విజయవాడలో ఆరుబయట వేదిక మీద తెగిపోతూ, చిటపటలాడుతూ వినిపిస్తే చెడిపోయిందని అనుకోకండి. నీడలో ఉంచండి. బయాస్ ట్రిమ్‌పాట్ (దాన్ని సరిచేసే చిన్న నాబ్) ఉంటే అక్కడే సరిచేయండి. బయట కార్యక్రమాలు ఎక్కువైతే బీసీ 108 లాంటి సిలికాన్ ట్రాన్సిస్టర్ల ఫజ్ తీసుకోండి. వేడికి నిలుస్తుంది, కాకపోతే కాస్త పదునుగా ఉంటుంది.

ఆక్టేవియా రెండు స్వరాలు ఒకేసారి ఇస్తే గందరగోళం చేస్తుంది. నెక్ పికప్, టోన్ 3 దాకా తగ్గించి, పన్నెండో ఫ్రెట్ పైన ఒక్కో స్వరమే వాయించండి, పై స్థాయి స్పష్టంగా లేస్తుంది. యూనివైబ్ వేగం నెమ్మదిగా, ఊపిరి తీసుకున్నట్టు ఉండాలి. వేగం పెంచితే పాట బరువు పోతుంది.

లైవ్‌లో హెండ్రిక్స్ సాధారణంగా అర స్వరం దించి ట్యూన్ చేసేవాడు. మీరు స్ట్రాటోకాస్టర్‌ను అలా దించితే తీగల బిగువు తగ్గి, స్ప్రింగులు బ్రిడ్జిని వెనక్కి లాగేస్తాయి, తీగలు ఫ్రెట్లకు తగిలి జరజరమంటాయి. వెనక మూత తీసి స్ప్రింగులను పట్టి ఉంచే క్లా స్క్రూలను పావు చుట్టు చొప్పున వదులు చేయండి, ప్రతిసారీ మళ్లీ ట్యూన్ చేయండి. 9తో మొదలయ్యే సన్న తీగల సెట్ మరీ వదులవుతుంది, 10–46 వేయండి.

సోలో మొదట్లో సాగే ఆ పొడుగాటి స్వరం కోసం ఫజ్ ఇంకా పెంచితే లాభం లేదు. యాంప్‌కు ఎదురుగా నిలబడి, స్వరం నొక్కి, అడుగులో అడుగు వేస్తూ అది ఫీడ్‌బ్యాక్‌తో (యాంప్ మోతకు తీగ మోగుతూనే ఉండటం) తనంతట తాను పట్టుకునే చోటు వెతకాలి. దొరికిన చోట నేల మీద టేప్ ముక్క అంటించండి. చిన్న గదిలో వాల్యూమ్ పెంచలేకపోతే హెడ్‌స్టాక్‌ను క్యాబినెట్ చెక్కకు ఆనించండి, చాలావరకు పట్టుకుంటుంది.

రికార్డింగ్‌కు కిక్, స్నేర్, రెండు ఓవర్‌హెడ్‌లు, బేస్‌కు డీఐ (నేరుగా మిక్సర్‌కు కలిపే పెట్టె), గిటార్‌కు ఒక మైక్ చాలు. విడివిడి గదుల్లో కూర్చోవద్దు.

ఇంకొక్కటి. 2019లో వచ్చిన ‘సాంగ్స్ ఫర్ గ్రూవీ చిల్డ్రన్’ సెట్‌లో ఆ నాలుగు ప్రదర్శనలూ ఉన్నాయి. ‘మెషీన్ గన్’ నాలుగుసార్లూ వరుసగా వినండి, గిటార్‌ను పక్కన పెట్టి కాక్స్‌ను మాత్రమే వినండి. మీ బేస్ వాయించేవారికి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలిసి లేదు.