సినిమా హాళ్లు కడతానంటున్న అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. సినిమాకు తీసుకెళ్తే ఇంటర్వెల్‌లో బాల్కనీ మెట్లు లెక్కపెడుతుంది. స్కాట్లాండ్‌కు చెందిన జాన్ ఫెయిర్‌వెదర్ లాగా సినిమా హాళ్ల ఆర్కిటెక్ట్ అవుతానంటోంది. ఉన్న హాళ్లే మూతపడుతుంటే అదేం చదువు? ఏఐ బ్రాంచిలో బీటెక్ మేలా, బీఆర్క్ మేలా?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: చదివిన చదువుకు రేపు పని ఉంటుందా అన్న ఈ భయాన్ని నేను ఏటా ఏదో ఒక కోర్సు పేరుతో వింటూనే ఉంటాను. మీ అమ్మాయి ఎంచుకున్న మనిషి జీవితాన్నే ఒకసారి చూడండి.

ఫెయిర్‌వెదర్ 1867లో పుట్టారు. లూమియేర్ సోదరులు పారిస్‌లో టికెట్ పెట్టి సినిమా చూపిన 1895 నాటికే ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు. కాబట్టి సినిమా హాలు కట్టడం ఆయనకు ఏ బడిలోనూ ఎవరూ నేర్పలేదు. భవనం కట్టడం వచ్చు, అంతే. ఆ విద్యను నమ్మి గ్లాస్గోలో సినిమా వ్యాపారం చేసే గ్రీన్ కుటుంబం పని అప్పగిస్తే, 1927లో, అరవయ్యో పడిలో, నాలుగు వేల మందికి పైగా పట్టే గ్రీన్స్ ప్లేహౌస్ కట్టారు. అప్పటికి యూరప్‌లో అదే అతి పెద్ద సినిమా హాలు. 1929లో ఎడింబరోలో, న్యూయార్క్‌లోని రాక్సీ అనే సినిమా హాలును నమూనాగా తీసుకుని, మూడు వేల సీట్ల ప్లేహౌస్ కట్టారు. ఆ స్థలం ఏటవాలుగా ఉంటే, వీధిలోంచి అడుగుపెట్టినవారు నేరుగా బాల్కనీ మట్టానికి చేరేలా, మన భాషలో నేల తరగతి వారు మెట్లు దిగి కిందికి వెళ్లేలా హాలును పల్లంలోకి దించారు. గ్లాస్గో హాలును 1987లో కూల్చేశారు. ఎడింబరో హాలు 1973లో సినిమాలు ఆపేసినా, కూల్చవద్దని జనం పట్టుబట్టడంతో నిలిచి, నేటికీ సంగీత నాటకాలతో నడుస్తోంది. వేల మందికి వేదిక కనిపించేలా కట్టే నేర్పుకు సినిమా ఒక్కటే గిరాకీ కాదు.

ఇక ఏఐ బ్రాంచి మీద నా అనుమానం దాచుకోను. చాలా కాలేజీల్లో బోర్డు మారింది గానీ పాఠం చెప్పేవారు మారలేదు. గణితం, ప్రోగ్రామింగ్ గట్టిగా నేర్పే చోట మామూలు సీఎస్ఈ చాలు. నేర్పని చోట బ్రాంచి పేరు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. బీఆర్క్ అయిదేళ్లు, మొదట్లో జీతం తక్కువ. ఆ ఓపిక అమ్మాయి కంటే ముందు మీకుండాలి. హాళ్లే కట్టాలన్న నిర్ణయం ఇప్పుడే అక్కర్లేదు.

కోపగించుకోకండి, మెట్లు లెక్కపెట్టడాన్ని మీరు ఫిర్యాదుగా రాశారు. ఎందుకమ్మా అని ఒక్కసారైనా అడిగారా? ఈ ఆదివారం ఏదైనా పాత హాలుకు తీసుకెళ్లి, చివరి వరసలో కూర్చుంటే ముందువాడి తల అడ్డం రాకుండా తెర కింది అంచు కనబడుతోందా అన్నది చూసి, మెట్టు ఎత్తు కొలిచి గీయమనండి. ఆ కాగితం పట్టుకుని మీ ఊళ్లో ఒక ఆర్కిటెక్ట్ దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్లండి.