పిల్లల కంటే ముందు టీచర్లను నేల మీద కూర్చోబెట్టు

గుంటూరు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. విజయవాడలో ముప్పై మంది టీచర్లకు మూడు రోజుల శిక్షణ ఇచ్చే పని నీకు అప్పగించారని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి పాఠం చెప్పడం, నిప్పు రాజెయ్యడం, తాడు ముళ్ళు, గుడారం... మీ కాగితంలో బుష్‌క్రాఫ్ట్ అని రాశారు. మేం స్కౌట్ పనులు అనేవాళ్ళం. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు బ్యాగు లేని బడి ఉండాలంది. ఆ పది రోజులు పిల్లలకు దక్కాలంటే ముందు టీచర్లకు ధైర్యం రావాలి.

టీచర్లు బయటికి వెళ్ళడానికి వెనకాడేది ఎండకో పాముకో భయపడి అనుకుంటాం. ఇన్నేళ్ళు వాళ్ళతో తిరిగాక నాకు తెలిసింది వేరు. "ఈ చెట్టు పేరేంటి సార్?" అని పిల్లవాడు అడిగితే ఏం చెప్పాలా అన్నదే వాళ్ళ టెన్షన్. క్లాసులో చేతిలో పుస్తకం ఉంటుంది, చెట్టు కింద ఉండదు. అందుకే మొదటి రోజు ఉపన్యాసం పెట్టకు. పవర్‌పాయింట్ అసలే వద్దు. ముప్పై మందినీ నేల మీద కూర్చోబెట్టి, వాళ్ళ చేతులతో పని చేయించు. ఒకరి ముందు ఒకరు తప్పులు చెయ్యనివ్వు.

నిప్పుతో మొదలుపెట్టు. మనిషికి మూడే అగ్గిపుల్లలు, పిడికెడు కొబ్బరి పీచు, ఒక కట్ట కందికంప ఇవ్వు. ఒకసారి ఒక సైన్స్ మాస్టారు, ఇరవై ఏళ్ళుగా ఎనిమిదో తరగతికి దహనం పాఠం చెప్తున్న మనిషి, కందిపుల్లలన్నీ పీచు మీద గట్టిగా పేర్చి అదిమి పెట్టారు. మొదటి అగ్గిపుల్ల ఆరిపోయింది. రెండోదీ ఆరిపోయింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పక్కనే ఉన్న తెలుగు టీచరమ్మ, "కొంచెం వదులు చెయ్యండి మాస్టారూ, గాలి దూరడానికి సందు లేదు" అంది. ఆయన ఒక్క క్షణం ఆగి, కందిపుల్లలన్నీ తీసేశారు. పీచును వేళ్ళతో విప్పి పిచ్చుక గూడులా చేశారు. అగ్గిపుల్లంత సన్నవి ముందు, పెన్సిలంతవి వాటి మీద ఆనించారు. గాలికి వీపు పెట్టి కూర్చుని, మూడో అగ్గిపుల్ల గీసి, నేలకు చెంప ఆనేంత వంగి మెల్లగా ఊదారు. ముందు పొగ, తర్వాత చిన్న మంట. ఆయన చాలాసేపు దాన్ని చూస్తూ ఉండిపోయారు. "దహనానికి గాలి అవసరం అని ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో" అన్నారు చివరికి. ఆ తర్వాత ఆయన్ని బయటికి రమ్మని ఎవరూ బతిమాలాల్సిన పని రాలేదు.

నిప్పు బడి ఆవరణలోనే, లేకపోతే రైతు అనుమతితో అతని పొలంలోనే. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం, ఆ మాట టీచర్లకు గట్టిగా చెప్పు. చుట్టూ రెండు గజాల మేర ఎండుగడ్డి చెక్కెయ్యాలి. పక్కన నిండు బకెట్ నీళ్ళు ఉంటేనే అగ్గిపెట్టె తియ్యాలి. చున్నీలు నడుముకి కట్టాలి, జడ ముడెయ్యాలి, నైలాన్ బట్టలతో దగ్గరికి పోకూడదు. లేచి వెళ్ళేముందు నీళ్ళు పోసి, కలిపి, బూడిద మీద చేతి వెనక వైపు ఆనించి చూడాలి. వేడి తగిలితే ఇంకో బకెట్.

ముళ్ళు మూడు చాలు. రెండు కొసలు కలపడానికి రీఫ్ నాట్, కర్రకు కట్టడానికి క్లోవ్ హిచ్, బిగుసుకోని ఉచ్చుకు బోలైన్. ఆడవాళ్ళు "మాకు రాదండీ" అంటారు. మల్లెపూలు మాల కట్టమని దారం చేతికివ్వు. వేలి చుట్టూ దారం తిప్పి మెలికేసి కాడల మీద బిగిస్తారు చూడు, కర్రకు తాడు కట్టేటప్పుడు పడేదీ అలాంటి మెలికే. పల్లెటూరి మాస్టార్లకు గేదెను కట్టే పలుపు గుర్తు చెయ్యి. చేతికి వచ్చిన పని నుంచి మొదలుపెడితే కొత్తది తొందరగా వస్తుంది.

రెండో రోజు ఎక్కడికైనా తీసుకెళ్ళు. కొండపల్లి అయితే బొమ్మలు చేసే ఇంట్లో తెల్లపొణికి కర్రను చేత్తో పట్టి చూడమను, ఎంత తేలికో తెలుస్తుంది. ఆ తర్వాత ఆ చెట్టు గురించి ఏం చెప్పినా మనసుకు ఎక్కుతుంది. గుంటూరు వైపు వస్తే ఉప్పలపాడు చెరువు. గూడబాతులు, కొంగలు చెట్ల మీద గూళ్ళు కట్టుకుని ఉంటాయి. అక్కడ టీచర్లను అరగంట మాట్లాడకుండా కూర్చోబెట్టు. కష్టమే వాళ్ళకి, అయినా కూర్చోబెట్టు. తెలియని పిట్ట కనిపిస్తే "తెలియదు, ముక్కు ఎలా ఉందో బొమ్మ గియ్యండి, ఊళ్ళో పెద్దాయన్ని అడుగుదాం" అని ఒకరికొకరు చెప్పడం అక్కడే ప్రాక్టీస్ చేయించు. ఏ ఆకూ, ఏ గింజా నోట్లో పెట్టకూడదన్నది మాత్రం ముందే చెప్పు. గన్నేరు, ఉమ్మెత్త, గురివింద, ఆముదం గింజ, ఈ నాలుగూ గుర్తుపట్టి చూపించగలగాలి.

ఇప్పుడు ఎవరూ పైకి అనని సంగతి. బాత్రూమ్ ఎక్కడుందో తెలియకపోతే ఆడ టీచర్లు పొద్దుటి నుంచి నీళ్ళు తాగరు. పెద్ద క్లాసు ఆడపిల్లలూ అంతే. మన ఎండల్లో కళ్ళు తిరిగి పడేది అందుకే. ఏ చోటుకు వెళ్ళినా ముందు నువ్వు వెళ్ళి బాత్రూమ్, నీళ్ళు, నీడ చూసి రా. బయల్దేరేముందే అందరికీ చెప్పు. నెలలు చూసుకుంటే డిసెంబరు, జనవరి మంచివి. పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి పదిన్నరకల్లా నీడకు చేరాలి. కృష్ణ ఒడ్డున ఎన్ని పాఠాలైనా చెప్పండి, నీళ్ళలోకి మాత్రం ఒక్క అడుగూ వద్దు. లోతు పైకి కనిపించదు.

నా తప్పొకటి చెప్తాను. పిల్లలతో కొండవీడు కోట దిగేటప్పుడు "అందరూ వచ్చారా?" అని అరిచాను. "వచ్చాం సార్" అన్నారు. బస్సు దగ్గర లెక్కపెడితే ఒకడు తక్కువ. పరుగెత్తుకుంటూ పైకి వెళ్ళాను. చెప్పు తెగి వెనకబడి చెరువు గట్టున కూర్చుని ఏడుస్తున్నాడు. నన్ను చూసి వాడు లేచి వచ్చిన తీరు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. కేక వేసి అడిగితే లెక్క అవదమ్మా. జంటలు కట్టించు, పది మందికి ఒక పెద్ద మనిషిని పెట్టు, ఎక్కేముందు, పైన, దిగాక తల తాకి లెక్కపెట్టమను. మూడో రోజు టీచర్లతో ఇదే చేయించు. మధ్యలో ఒకర్ని కావాలని దాచు, ఎవరు కనిపెడతారో చూడు.

పాము కాటు గురించి అరగంట కేటాయించు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి బొమ్మలు చూపించు. కరిస్తే కొయ్యకూడదు, గట్టిగా తాడు కట్టకూడదు, నడిపించకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యాలి. పాము మందు ఏ ఆసుపత్రిలో ఉందో బయల్దేరే ముందు రోజే కనుక్కుని కాగితం మీద రాసుకోవాలి.

స్కౌట్ రోజుల తాళ్ళు నా దగ్గర పన్నెండు ఉన్నాయి, గుడారం గుడ్డ కూడా ఉంది. ఆదివారం వచ్చి తీసుకెళ్ళు. పొద్దున్నే వస్తే మీ పిన్ని ఇడ్లీలు పెడుతుంది. ముందు నీ చేత ఆ మూడు ముళ్ళూ వేయించాలి.

ఆశీస్సులతో,
మీ సార్