రీమ్యాప్ చేయించిన కారు, జారిపోతున్న క్లచ్: వారంటీ అడగవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. రెండేళ్ల క్రితం ఒక లీటరు టర్బో పెట్రోల్ ఇంజన్, ఆరు గేర్ల మాన్యువల్ ఉన్న కారు కొన్నాను. వారంటీ నాలుగేళ్లు. నిరుడు హైదరాబాద్‌లోని ఒక ట్యూనింగ్ షాపులో 28,000 రూపాయలు యూపీఐలో కట్టి ‘స్టేజ్ 1’ రీమ్యాప్ చేయించాను, అంటే విడిభాగాలేవీ మార్చకుండా ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్పించి బలం పెంచుకున్నాను. 175 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజన్ తిప్పే బలం) 235 దాకా వెళుతుందని, కంపెనీ క్లచ్ నిశ్చింతగా తట్టుకుంటుందని షాపు యజమాని వాట్సాప్‌లో రాశాడు. బిల్లు మాత్రం ఇవ్వలేదు. ఏడు నెలలు తిరిగాక, 31,000 కిలోమీటర్ల దగ్గర క్లచ్ జారడం మొదలైంది. సర్వీస్ సెంటర్ వారు స్కాన్ చేసి, సాఫ్ట్‌వేర్ మార్చారు కాబట్టి వారంటీ మొత్తం రద్దయిందని చెప్పారు. క్లచ్ సెట్టుకు 46,000 ఎస్టిమేట్ ఇచ్చారు. రీమ్యాప్‌కు ముందు నుంచే ఉన్న ఏసీ కంప్రెసర్ చప్పుడును కూడా ఇక చూడబోమంటున్నారు. పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించి వేరే సర్వీస్ సెంటర్‌కు వెళ్లమని స్నేహితులు చెబుతున్నారు. మార్పు వల్లే పాడైందని కంపెనీయే రుజువు చేసుకోవాలని అమెరికాలో ఉన్న మా బావ అంటున్నాడు. నేను ఎవరి మీద కేసు వేయాలి? – పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: మీ బావగారిది అక్కడి లెక్క. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. ఫలానా బ్రాండు విడిభాగాలే వాడాలన్న షరతు పెట్టి వారంటీ ఎగ్గొట్టడం ఆ చట్టం ప్రకారం కుదరదు. యూట్యూబ్ వీడియోలు చూసి ఆ చట్టాన్ని నా ముందు వల్లించేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. మన దగ్గర వారంటీ అంటే మీకూ కంపెనీకీ మధ్య ఒప్పందం. ఆ ఒప్పందం ప్రకారం చేయవలసింది చేయకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది సేవాలోపం. ఆ లోపాన్ని రుజువు చేయవలసిన భారం ఫిర్యాదుదారుడిదేనని సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో స్పష్టంగా చెప్పింది. కాబట్టి కంపెనీ రుజువు చేసుకుంటుందిలే అని కూర్చుంటే మీ ఫిర్యాదు మొదటి వాయిదాలకే నీరుగారిపోతుంది.

ముందుగా వారంటీ పుస్తకం తీయండి. దాదాపు అన్ని కంపెనీల పుస్తకాల్లోనూ క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లు, వైపర్లు ‘అరిగే భాగాలు’ అన్న శీర్షిక కింద విడిగా ఉంటాయి. వాటికి వారంటీ ఉండదు, ఉన్నా తక్కువ కిలోమీటర్లకే. మీరు రీమ్యాప్ చేయించకపోయినా 31,000 కిలోమీటర్ల దగ్గర క్లచ్ ప్లేటును ఉచితంగా మార్చేవారా అన్నది మొదటి ప్రశ్న. మార్చేవారు కాదని ఆ పుస్తకంలో రాసి ఉంటే, కంపెనీ మీద క్లచ్ గొడవ అక్కడితో దాదాపు ముగిసినట్టే.

దాదాపు అన్నాను, ఎందుకంటే ఒక్క దారి మిగిలి ఉంది. అది గేర్‌బాక్సు దించితే గానీ కనిపించదు.

క్లచ్ ప్లేటుకు రెండు ముఖాలు. ఇటు ఫ్లైవీలు, అటు ప్రెషర్ ప్లేటు. మధ్యలో దాన్ని డయాఫ్రమ్ స్ప్రింగు నొక్కి పట్టుకుంటుంది. ఆ నొక్కుడు ఎంత, లైనింగు (ప్లేటు ముఖాల మీది రాపిడి పొర) పట్టు ఎంత, ప్లేటు ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి అది మోయగలిగే టార్క్‌కు ఒక హద్దు ఉంటుంది. కంపెనీవారు ఆ హద్దును ఇంజన్ టార్క్ కన్నా కొంత ఎక్కువగానే పెడతారు. 175 నుంచి 235 అంటే 34 శాతం పెరుగుదల. ఉంచిన మిగులంతా అందులోనే కరిగిపోవచ్చు. పైగా టర్బో ఇంజన్‌లో ఆ అదనపు టార్క్ పైన ఎక్కడో 5,000 ఆర్‌పీఎం దగ్గర రాదు. రెండు వేల ఆర్‌పీఎం చుట్టుపక్కలే, మనం రోజూ నడిపే చోటే వచ్చి పడుతుంది. ఐదో గేరులో లారీని దాటబోయి యాక్సిలరేటర్ తొక్కారు. ఆర్‌పీఎం ముల్లు లేచింది, స్పీడోమీటర్ ముల్లు ఉన్నచోటే ఉంది, క్యాబిన్‌లోకి కాలిన వాసన వచ్చింది. మీకు జరిగింది ఇదే అయి ఉంటుంది. ఒకసారి జారితే వేడి పుడుతుంది, వేడికి లైనింగు పట్టు తగ్గుతుంది, తగ్గితే ఇంకా జారుతుంది. అందుకే ఏడు నెలలు బాగానే ఉన్న క్లచ్ రెండు వారాల్లో చేతులెత్తేస్తుంది.

దించిన ప్లేటును చూస్తే కథ చాలావరకు తెలిసిపోతుంది. లైనింగు రివెట్ల దాకా సమంగా అరిగి ఉంటే అది వాడకం. లైనింగు గాజులా మెరుస్తూ, ఫ్లైవీలు మీద నీలిరంగు మచ్చలు ఉంటే అది జారుడు వల్ల పుట్టిన వేడి. లైనింగు నూనెతో తడిసి ఉంటే మాత్రం కథ వేరు. క్రాంక్‌షాఫ్టు వెనక సీలో, గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు సీలో కారుతోందన్నమాట. ఆ సీలు అరిగే భాగాల జాబితాలో లేకపోతే వారంటీ కిందకు వస్తుంది. దానికీ మీ రీమ్యాప్‌కూ సంబంధం ఉందని చెప్పడానికి కంపెనీ చాలా శ్రమపడాలి. నేను పైన చెప్పిన ఒక్క దారి ఇదే. మిగిలిన రెండింటిలో ఏది కనిపించినా కంపెనీ మీద క్లచ్ సొమ్ము కోసం కేసు వేయకండి. గెలవరు.

ఇంకో మాట. నీలి మచ్చలు హాఫ్ క్లచ్ అలవాటు (పెడల్ సగం తొక్కి ఉంచడం) వల్ల కూడా వస్తాయి. నేను ఏ ట్యూనింగూ లేని కారును హైదరాబాద్ ఫ్లైఓవర్ల ఎత్తుల మీద క్లచ్‌తోనే నిలబెట్టి 58,000 కిలోమీటర్లకు ప్లేటు మార్పించుకున్నవాడిని. కాబట్టి సర్వీస్ సెంటరూ ట్యూనింగ్ షాపూ ఒకరినొకరు వేలెత్తి చూపుకుంటారని అనుకోకండి. ఇద్దరూ కలిసి మీ ఎడమ కాలి వైపు చూపిస్తారు. దానికి జవాబు మీ దగ్గర ఉండాలి. రీమ్యాప్‌కు ముందు సర్వీసుల జాబ్ కార్డుల్లో క్లచ్ గురించి ఏ ఫిర్యాదూ నమోదు కాలేదన్నది మీకు అనుకూలమైన కాగితం. ఆ జాబ్ కార్డులన్నీ వెతికి పెట్టుకోండి.

ఇప్పుడు ఏసీ కంప్రెసర్. ఇక్కడ సర్వీస్ సెంటర్‌వారిది మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టడం. అనుమతి లేని మార్పు వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదని మాత్రమే పుస్తకంలో ఉంటే, ఇంజన్ సాఫ్ట్‌వేర్‌కూ కంప్రెసర్ బేరింగు చప్పుడుకూ లంకె ఏమిటో వారు చెప్పాలి. మార్పు చేస్తే వారంటీ అంతా రద్దు అని ఉంటే మీ పని కష్టమవుతుంది. అయినా ఆశ వదులుకోనక్కరలేదు. వినియోగదారుడి మీద అసమంజసమైన భారం మోపే ఏకపక్ష షరతును 2019 చట్టం ‘అన్యాయమైన ఒప్పందం’ అంటుంది. దాన్ని ప్రశ్నించేందుకు రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. మీ కంప్రెసర్ చప్పుడు రీమ్యాప్‌కు ముందే జాబ్ కార్డులో ఎక్కి ఉందా? ఉంటే నా దృష్టిలో మీ చేతిలో ఉన్న అన్నిటికన్నా బలమైన ఫిర్యాదు అదే. అయితే అడగవలసింది కంప్రెసర్ మరమ్మతు లేదా మార్పిడి. కొత్త కారు అడగకండి. వారంటీ ఒప్పందం భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం వరకే అయితే కారు మొత్తాన్ని మార్చమనడం కుదరదని మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది.

వారంటీ నిరాకరణ మీకు నోటిమాటగా చెప్పారా, రాసి ఇచ్చారా? నోటిమాటే అయితే ఈరోజే ఈమెయిల్ పెట్టండి. ఏ భాగానికి, వారంటీలోని ఏ షరతు కింద, ఏ కారణంతో నిరాకరిస్తున్నారో విడివిడిగా రాయమనండి. స్కాన్ నివేదిక నకలు కూడా అడగండి. ‘వారంటీ రద్దు’ అని కౌంటర్ దగ్గర గట్టిగా పలికిన నోరు, కాగితం మీదకు వచ్చేసరికి తరచు కాస్త మెత్తబడుతుంది.

స్నేహితుల సలహా పొరపాటున కూడా వినకండి. చాలా ఈసీయూలు (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్లు) తమలో ఎన్నిసార్లు సాఫ్ట్‌వేర్ ఎక్కిందో లెక్క పెట్టుకుంటాయి. పాతది మళ్లీ ఎక్కించినా ఆ లెక్క వెనక్కి పోదు, ఇంకొకటి పెరుగుతుంది. మీ కారు స్కాన్ వివరాలు కంపెనీ రికార్డులో ఇప్పటికే ఉండవచ్చు. ఆ తరువాత ఏ మార్పూ చేయలేదని కమిషన్ ముందు అఫిడవిట్ వేస్తే, 46,000 రూపాయల వివాదం కాస్తా అబద్ధపు సాక్ష్యం నేరం దాకా పోతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి. ట్యూనర్ మీద మీకున్న ప్రధాన సాక్ష్యం ఈసీయూలో ఉన్న ఆ సాఫ్ట్‌వేరే. దాన్ని మీ చేతులతో మీరే చెరిపేసుకున్నవారవుతారు.

ట్యూనర్ దగ్గరకు వద్దాం. నేను నోటీసు రాయవలసి వస్తే మొదట అతనికే రాస్తాను. అతను మీ నుంచి సొమ్ము తీసుకుని సేవ చేశాడు. క్లచ్ తట్టుకుంటుందని రాసి ఇచ్చాడు. ఏ పరీక్ష ఆధారంగా ఆ మాట అన్నాడో చెప్పవలసింది అతనే. తగిన పరీక్ష లేకుండా పనితీరుకు హామీ ఇవ్వడం, బిల్లు ఇవ్వకపోవడం రెండూ చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతులే. బిల్లు లేదని దిగులు పడకండి. యూపీఐ లావాదేవీ సంఖ్య, బ్యాంకు స్టేట్‌మెంటు చాలు. వాట్సాప్ సంభాషణను మాత్రం ముక్కలుగా స్క్రీన్‌షాట్లు తీసి వదిలేయకుండా మొదటి నుంచి చివరి దాకా ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫోను మార్చకుండా ఉంచండి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం దానికి ధ్రువపత్రం జతచేయాలి. దాన్ని మీ న్యాయవాది తయారు చేయిస్తారు.

అతను రెండు వాదనలు తెస్తాడు. ఒకటి, మీ డ్రైవింగు. దాని గురించి చెప్పాను. రెండోది కాస్త చిక్కు: చట్టం ఒప్పుకోని పని ఇద్దరం కలిసి చేశాం, ఇక నష్టపరిహారం ఏమిటి అంటాడు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, తయారీదారు ఇచ్చిన వివరాలకు ఆర్‌సీ వివరాలు భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదంటుంది. రీమ్యాప్ వల్ల ఇంజన్ సీసీ మారదు కదా అని చాలామంది వాదిస్తారు. కానీ ఈ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2019 జనవరిలో జయచంద్ర కేసులో చాలా కఠినంగా చదివింది. రీమ్యాప్ దానికి చిక్కే అవకాశమే ఎక్కువని నా అభిప్రాయం. అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఎ(4) కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీరు ఫిర్యాదు వేయడమంటే ఆ మార్పు చేయించానని ప్రమాణం చేసి రాయడమే. అది తెలిసే దిగండి. ట్యూనింగే తన వృత్తి అయినవాడు తెలిసి చేసిన పనికీ, అతని మాట నమ్మినవాడి పనికీ తేడా ఉందని మనం వాదిస్తాం. అయినా 46,000కు పూర్తిగా 46,000 వస్తాయని నేను ఆశ పెట్టను. 28,000 తిరిగి రావడం, క్లచ్ ఖర్చులో కొంత రావడం – ఇది నాకు అందుబాటులో ఉన్నట్టు కనిపిస్తున్న ఫలితం.

బీమా కంపెనీని ఇందులోకి లాగకండి. మెకానికల్ బ్రేక్‌డౌన్, అరుగుదల సొంత నష్టం పాలసీలో ఉండవు. కారు రీమ్యాప్‌తోనే ఉండగా ప్రమాదం జరిగితే మాత్రం, చెప్పకుండా మార్పు చేశారని మీ క్లెయిమును ఆపడానికి వారికి మంచి సాకు దొరుకుతుంది.

పైన చెప్పిన అన్యాయమైన షరతును ప్రశ్నించవలసి వస్తే తప్ప, ఫిర్యాదు మీరు ఉంటున్న చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, హైదరాబాద్ తిరగనక్కరలేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ట్యూనర్ మీద ఫిర్యాదుకు మీరు చెల్లించినది 28,000 కాబట్టి అందులోకే వస్తుంది. కంప్రెసర్ ఫిర్యాదుకు కారు ధర లెక్కలోకి వస్తుంది, స్వల్ప ఫీజు ఉంటుంది. అందుకే, ఇంకా ఎక్కువగా రెండు గొడవల సాక్ష్యాలు వేరు కాబట్టి, రెండు ఫిర్యాదులూ విడివిడిగా వేయమంటాను. గడువు, కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు.

వీటన్నిటికన్నా ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. ఈసీయూలోని కాలిబ్రేషన్ గుర్తింపు, దాని ధ్రువీకరణ సంఖ్య ఓబీడీ స్కానర్‌తో (కారు కంప్యూటర్‌ను చదివే పరికరం) చదివించి తేదీతో ప్రింటు తీసుకోండి. గేర్‌బాక్సును మీ ఎదుట దించమని రాతపూర్వకంగా అడగండి, దించుతున్నంతసేపూ వీడియో తీయండి. మీరు సొమ్ము కట్టి మార్పించుకుంటే పాత భాగాలు మీవే. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కడగకుండా, తుడవకుండా ఒక సంచిలో పెట్టి, సంచి మూతి మీద మీరూ సర్వీస్ అడ్వైజరూ సంతకాలు చేయండి. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద కమిషన్ వాటిని పరీక్షకు పంపగలదు. సాయంత్రానికి స్క్రాప్ డబ్బాలోకి వెళ్లిన ప్లేటును ఏ కమిషనూ పరీక్షకు పంపలేదు. ఇదంతా అయ్యాక, రీమ్యాప్ తీయించి అసలు సాఫ్ట్‌వేర్ ఎక్కించమని సర్వీస్ సెంటర్‌కే దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. కొత్త క్లచ్‌తో కారు బయటకు వచ్చేది ఆ తరువాతే.