తొలగించే ఫంక్షన్‌కు ఒక్క పేరు చాలదు

మీరు రూపొందిస్తున్న ప్రోగ్రామింగ్ భాషలో ఫైలును, ఖాళీ ఫోల్డరును, నిండు ఫోల్డరును తొలగించడానికి 'డిలీట్' అనే ఒకే పేరు సరిపోతుందా అని అడిగారు. సరిపోదని నా దృఢమైన అభిప్రాయం. బెంగళూరులో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే బృందంలో ఇతరుల కోడును రివ్యూ చేయడం నా ప్రధానమైన పని. రివ్యూ చేసేవారు ప్రతి ఫంక్షన్‌కూ డాక్యుమెంటేషన్ తెరిచి చూడరు, వారి కంటికి కనబడేది దాన్ని పిలిచిన ఆ ఒక్క వరుసే. అందువల్ల తిరిగి సరిదిద్దలేని పని జరగబోతున్నదని ఆ వరుసలోని పేరే చెప్పాలి.

రస్ట్ భాషలో 'రిమూవ్ ఫైల్', 'రిమూవ్ డిర్', 'రిమూవ్ డిర్ ఆల్' అని మూడు పేర్లున్నాయి. ఫోల్డరు ఖాళీగా లేకపోతే రెండవది ఎర్రర్ ఇస్తుంది. గో భాషలో 'రిమూవ్' ఫైలునూ ఖాళీ ఫోల్డరునూ తొలగిస్తుంది గాని, లోపలివాటితో సహా తుడిచివేయాలంటే 'రిమూవ్ ఆల్' అని రాయవలసిందే. ఆ మాత్రం భేదమైనా ఉంచండి. లోపలివాటిని కూడా తొలగించమని చెప్పడానికి 'డిలీట్' పక్కన బ్రాకెట్లలో 'ట్రూ' అని పెట్టే పద్ధతి మాత్రం వద్దు, ఆ 'ట్రూ' దేనికో చదివేవారికి తెలియదు.

పేరు మార్చే ఫంక్షన్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పైథాన్‌లోని 'ఓఎస్.రీనేమ్', కొత్త పేరుతో ఇప్పటికే ఫైలు ఉంటే విండోస్‌లో ఎర్రర్ ఇస్తుంది, లినక్స్‌లో మాత్రం పాత ఫైలును చడీచప్పుడు లేకుండా తీసివేసి కొత్తదాన్ని దాని స్థానంలో పెడుతుంది. మా బృందంలో ఒకరు విండోస్ ల్యాప్‌టాప్‌లో ఆ ఎర్రర్‌ను నమ్ముకొని రాసిన స్క్రిప్టు, లినక్స్ సర్వర్‌లో నడిచినప్పుడు పాత రిపోర్టులను పోగొట్టింది. 2012లో వచ్చిన పైథాన్ 3.3లో చేర్చిన 'ఓఎస్.రీప్లేస్' తన పనిని పేరులోనే చెబుతుంది. మీరు 'రీప్లేస్'తో పాటు, కొత్త పేరుతో ఫైలు ఉంటే ఎర్రర్ ఇచ్చే 'రీనేమ్ నో రీప్లేస్' కూడా ఇవ్వండి. ఫైలు ఉన్నదో లేదో ముందు చూసి, తరువాత పేరు మార్చే కోడులో ఆ రెండింటి నడుమ మరో ప్రోగ్రాము అదే పేరుతో ఫైలు సృష్టించే అవకాశం ఉంటుంది కనుక, లినక్స్ కెర్నెల్‌లోని 'రీనేమ్‌ఎట్2' కాల్‌కు ఇందుకోసమే ఒక ఫ్లాగ్ ఉన్నది.

డిస్కును తాకే ఫంక్షన్లకూ, పాత్ అనే, ఫైలు ఎక్కడుందో తెలిపే అక్షరాల వరుసతో మాత్రమే పనిచేసేవాటికీ తేడా కనబడాలి. సీ ప్లస్ ప్లస్ 17లో 'ఎంప్టీ' పాత్ ఖాళీయా అని, 'ఈజ్ ఎంప్టీ' డిస్కులోని ఫైలో ఫోల్డరో ఖాళీయా అని చెబుతాయి. కొత్తవారు ఈ రెండింటినీ ఎలా వేరుచేసి గుర్తుంచుకోగలరు? పైథాన్‌లోని పాత్‌లిబ్ అనే లైబ్రరీలో 'ప్యూర్ పాత్' డిస్కు జోలికి పోదు, 'పాత్' పోతుంది. మీ లైబ్రరీలోనూ ఈ రెండు రకాలను వేర్వేరు మాడ్యూళ్లలో పెట్టండి.